నడుం వదులు చేసిన కోటు

మార్చి 9, శుక్రవారం

చిన్నత్తయ్యగారికి,

మీ కోడలి నమస్కారాలు. ఇక్కడ అందరం కులాసా అని రాయడం మర్యాద కాబట్టి రాస్తున్నాను. నిజం చెప్పాలంటే ఈ ఇంట్లో కులాసాగా ఉన్నది మీ మనవరాలు ఒక్కతే. మీరు కుట్టి పంపిన గౌను వేసుకుని వీధంతా ఒక చుట్టు చుట్టి వచ్చింది. కుట్లన్నీ ఇటు కాకుండా అటు వాలి ఉన్నాయేంటమ్మా అని అడిగింది. చిన్న నాయనమ్మది ఎడమచేతి వాటం, ఆవిడ ఏది కుట్టినా అంతే అని చెప్పాను. దర్జీ కూతురు కదా, కళ్లు అక్కడికే పోతాయి.

ఇక అసలు సంగతికి వస్తాను. మీ అబ్బాయి నన్ను మోసం చేస్తున్నాడు. ఇంకొకావిడ ఎవరో ఉంది. కంగారు పడకండి, కూర్చుని చదవండి.

అత్తయ్యగారు పోయి ఏడాది కావస్తోంది. అప్పటినుంచే మనిషి మారిపోయాడు. ఆ మూతపడిన విమాన సంస్థ సామాన్లంటే ఎంత పిచ్చో మీకు తెలియనిది కాదు. మా ముందుగదిలో మనుషులు కూర్చోవడానికి చోటు లేదు గానీ, కొంగ బొమ్మ వేసిన కప్పులకీ, ట్రేలకీ, ఆఖరికి వాంతి సంచులకీ కూడా అద్దాల బీరువా ఉంది. గడప తొక్కిన ప్రతివాళ్లకీ చరిత్ర పాఠం తప్పదు. ఉత్తరాలు మోసే రెండు బుల్లి విమానాలతో మొదలైందట. మొదటి జెట్ వచ్చిన రోజు ఆఫీసులు వదిలేసి జనమంతా మేడలెక్కి చూశారట. చివరికి దివాలా తీస్తే కుర్చీలతో సహా తూకానికి అమ్మేశారట. నాకు కంఠతా వచ్చేసింది. పోనీలే, పేకాట కంటే నయం కదా అని ఇన్నాళ్లూ నవ్వుకునేదాన్ని.

ఇప్పుడు నవ్వు రావడం లేదు. ఆదివారం వస్తే చాలు, నున్నగా గడ్డం గీసుకుని బయల్దేరతాడు. ఎక్కడికంటే పాత ఉద్యోగుల దగ్గరికట. ఏ ఉద్యోగులయ్యా అంటే మాట దాటేస్తాడు. ఫోనొస్తే వరండాలోకి పోయి గుసగుసలు. మొన్న తలుపు చాటున నిలబడి విన్నాను, తప్పయితే తప్పే. ఆవిడ బాగా నవ్వేదా అని అడుగుతున్నాడు. విమానం కుదిపేస్తే భయపడేదా అని అడుగుతున్నాడు. నేను నవ్వుతానో ఏడుస్తానో ఏనాడైనా అడిగాడా?

అంతకంటే నా కడుపు మండించింది ఆ సొరుగు. కొత్త చెంచా దొరికితే పక్కింటివాళ్లని కేకేసి మరీ చూపించే మనిషి, బీరువా కింది సొరుగుకి తాళం వేసుకోవడమేమిటి?

ఈమధ్య ఆ పాఠంలో కొత్త అధ్యాయం ఒకటి చేరింది, ఎయిర్ హోస్టెస్‌ల గురించి. అప్పట్లో పెళ్లయితే ఉద్యోగం ఊడేదట. కడుపుతో ఉందని తెలిస్తే ఆ రోజే బ్యాడ్జీ ఊడబీకి ఇంటికి పంపేవారట. మా తమ్ముడొస్తే వాడి ముందు ఇదంతా చెబుతూ చెబుతూ కళ్లు తుడుచుకుని లేచి వెళ్లిపోయాడు. మా తమ్ముడు బిత్తరపోయి నాకేసి చూశాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఊరూ పేరూ తెలియని ఆడవాళ్ల కోసం ఎవరైనా ఏడుస్తారా చిన్నత్తయ్యా?

నిన్న అంచు కుట్టమని ప్యాంటు ఇచ్చి వెళ్లాడు. జేబులో తాళంచెవి దొరికింది. దేవుడున్నాడు అనుకుని సొరుగు తెరిచాను. లోపల పల్చటి కాగితంలో చుట్టి ఒక ఆడవాళ్ల కోటు ఉంది. ముదురు నీలం రంగు, మెడ మీద కొంగ బొమ్మ. ఎయిర్ హోస్టెస్ కోటే. పైగా బట్టల పురుగు పట్టకుండా మందుబిళ్లలు కూడా పెట్టాడు మహానుభావుడు! నా పెళ్లి బట్టలు ఎక్కడున్నాయో అడిగితే చెప్పలేడు.

కోటు పట్టుకుని కొట్లోకి పోయి బల్ల మీద పరిచాను. పొద్దస్తమానం ఊళ్లోవాళ్ల నడుములు కొలిచేదాన్ని, బట్ట చూస్తే లోపలి మనిషి తెలుస్తుంది నాకు. సన్నటి మనిషి, భుజాలు నిటారుగా పెట్టి నడిచే రకం. నడుం దగ్గర చెయ్యి పెట్టేసరికి అనుమానం వచ్చింది. పక్క కుట్టు విప్పి కొంచెం వదులు చేశారు. తర్వాత ఇంకొంచెం. ఆ తర్వాత గుడ్డలో ఎంత మడత ఉందో అంతా వదిలేశారు. పాత సూది రంధ్రాలు వరసలు వరసలుగా కనబడుతున్నాయి. చివరికి మళ్లీ మొదటి కొలతకే బిగించారు. ఏ ఆడదానికి అలా చేస్తామో నాకొకరు చెప్పాలా? కడుపు పెరుగుతుంటే వదులు చేస్తాం, కాన్పయ్యాక బిగిస్తాం.

అంటే ఆవిడకి బిడ్డ కూడా ఉందన్నమాట! సంస్థ మూతపడ్డది మా పెళ్లయిన కొత్తలో. అప్పటి వ్యవహారమే ఇప్పుడు మళ్లీ మొదలైందా? రాత్రి అన్నం సహించలేదు. ఆ మనిషి మాత్రం రెండోసారి వడ్డించుకున్నాడు.

మీరు ఆ సంస్థలోనే టికెట్ కౌంటర్లో చేశారు కదా. ఈ నాజూకు మనిషి ఎవరో మీకు తెలిసే ఉంటుంది. దాచకుండా చెప్పండి. మీ మాటంటే ఆయనకి గురి, పిలిచి నాలుగు చీవాట్లు పెట్టండి. మీరూ ఆయన పక్షమే అయితే మాత్రం, పిల్లని తీసుకుని మీ ఇంటికే వచ్చి కూర్చుంటాను. ఇంక ఆ కప్పులతో, కొంగలతో ఆయన్నే కాపురం చేసుకోమనండి.

జవాబు కోసం ఎదురుచూస్తూ,
మీ కోడలు

తా.క. శనివారం. ఈ ఉత్తరం డబ్బాలో వేసేలోపు ఇంకో పని చేశాను. కోటు వయసెంతో తేల్చుకుందామని లైనింగ్ విప్పాను. లోపలి పట్టీ మీద కోటు ఇచ్చిన ఏడాది నేసి ఉంది. ఆయన పుట్టడానికి ముందు ఏడాది. నడుం దగ్గర చేత్తో వేసిన కుట్లన్నీ అటు వాలి ఉన్నాయి. నా కళ్లు నేనే నమ్మలేక పిల్ల గౌను తెచ్చి పక్కన పెట్టి చూశాను.

రెండూ ఒకే చేతి కుట్లు, చిన్నత్తయ్యా. అప్పుడే ఆయన కొట్లోకి వచ్చారు. కోటూ గౌనూ పక్కపక్కన చూసి, కొలతల స్టూలు మీద కూలబడ్డారు. అంత మనిషి అలా ఏడుస్తుంటే ఏం చెయ్యాలో తోచక తల నిమిరాను. అత్తయ్యగారు ఆసుపత్రిలో ఆఖరి రోజున కోటు ఎక్కడ దాచారో చెప్పి, అది మీ అమ్మది నాయనా అన్నారట. మీ పిన్ని దానంతట అదే చెప్పేదాకా నువ్వు అడగొద్దు అని మాట కూడా తీసుకున్నారట. అందుకే మిమ్మల్ని అడగలేక, టికెట్ కౌంటర్‌కి రాకముందు మీతో కలిసి విమానాల్లో ఎగిరినావిడ ఎవరో ఉంటే ఆదివారాలు అక్కడికి పోయి అడుగుతున్నారు, మీరు బాగా నవ్వేవారా అని. చిన్నప్పుడు మీరు వచ్చినప్పుడల్లా తెచ్చిన బొమ్మ విమానాలతోనే ఈ పిచ్చి మొదలైందట.

పైన రాసిందంతా చింపేద్దామనుకున్నాను. చింపలేదు. మీ కోడలిది ఎంత అనుమానపు బుర్రో మీకూ తెలియాలిగా. మొదట్లో మీ అబ్బాయి అని మాటవరసకి రాశాను. దాన్ని మాత్రం కొట్టెయ్యను.

అడగనని ఆయన మాటిచ్చారు. నేనెవరికీ మాటివ్వలేదు. అందుకని నేనే అడుగుతున్నాను. ఎప్పుడొస్తారు, అత్తయ్యా?