ఆళ్లగడ్డ నుంచి వచ్చిన మూడో లెన్సు

ఆదివారం రాత్రి, నంద్యాల

వెలుగోడు రిజర్వాయరు కొంగలను ఫోటో తీయడానికి మనవరాలు మేరీకి చవగ్గా ఒక పాత జూమ్ లెన్సు కావాలి. అమ్ముతానంటున్న ఆళ్లగడ్డ అబ్బాయి ఈరోజు మూడోది తెచ్చాడు. ఊరగాయ జాడీని చూసినట్టు వాసన చూశాను. బూజు.

"ఏందప్పా, బావిలో నానబెట్టి తెచ్చినావా?" అన్నాను.

"పోనీలే అవ్వా, వచ్చేవారం ఇంకోటి తెస్తా" అని నవ్వాడు. మేరీ కూడా నవ్వింది.

పాత లెన్సులో టార్చి వేసి బూజు చూడాలని నాకు నేర్పిందే మేరీ. ఈరోజు టార్చి జోలికే పోలేదు. అతని కాఫీలో చక్కెర మాత్రం, ఎంతని అడగకుండానే సరిగ్గా కలిపింది.

వాడెవరి బిడ్డో ఇంకా తెలియదు. చెడిపోయినవే ఏరి తెస్తున్నాడేమో! ఒకవేళ వచ్చేవారం మంచిదే తెచ్చినా, ఈ పిల్ల ఏదో వంక పెట్టి వెనక్కి పంపేటట్టే ఉంది.