పసుపు బండిలో రెండో చప్పుడు

నవంబర్ 4, సోమవారం

జహూర్ ఇవాళ కూడా ఫజర్ నమాజుకు లేవలేదు. అజాన్ ఇచ్చే మసీదు మైకు మా కిటికీకి ఎదురుగానే ఉంది. అయినా తమ్ముడు కదల్లేదు. మరదలు సాయిమాను అడిగాను. ఆయన ఎవరి మాట వింటడు ఆపా, పిల్చి పిల్చి నా గొంతు పోయింది, గిప్పుడు అల్లా పిలిస్తే సుత వింటలేడు అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. వాడి మనసు మెత్తబడాలని దువా చేశాను. రంజాన్ తర్వాత నుంచీ ఇదే దువా.

మధ్యాహ్నం కింద మా గ్యారేజీలోకి ఒక పసుపు బండి వచ్చింది. స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు. మా సందులోకి వంగి సలాం చేస్తున్నట్టు వచ్చింది.

నవంబర్ 5, మంగళవారం

బండి ఓనరు హనుమత్ప్రసాద్ గారు, శ్రీనగర్ కాలనీ. సినిమాలకు సౌండ్ రికార్డ్ చేసి రిటైరయ్యారట. గుంటలో పడ్డప్పుడల్లా ముందు ఎడమ చక్రం దగ్గర టక్ మంటుందండి, ఎక్కడ చూపించినా ఏమీ లేదంటారు, అమీర్‌పేటలో చెవి జహూర్ ఉన్నాడంటే వచ్చాను అన్నారు.

చెవి జహూర్. పంజాగుట్ట దాకా తమ్ముడి పేరు అదే. బండి సందు మలుపులో ఉండగానే ఏ బేరింగ్ పోయిందో చెప్పేవాడు. మా షట్టర్ ఆ చెవి మీదే లేస్తుంది.

నవంబర్ 7, గురువారం

బాల్కనీలో మెంతికూర తుంచుతూ చూశాను. బండిని జాకీ మీద లేపి, చక్రాన్ని పట్టుకునే కింది ఆర్మ్‌కు ఉన్న రబ్బరు బుష్‌లు తీశాడు. చీలిపోయి ఉన్నాయి. టక్ మనేది గివే అన్నాడు.

ఒకటి మాత్రం వింతగా ఉంది. వాడు ముందు వింటాడు, తర్వాత చూస్తాడు. ఈసారి విననే లేదు. రాడ్ పెట్టి కదిలించి, కళ్లతో వెతికాడు.

కొత్త బుష్‌లు వేశాడు. వాడి పద్ధతి నాకు తెలుసు. చేతికి అందుతుంది కాబట్టి బండి గాల్లో ఉండగానే బిగిస్తాడు. తర్వాత కిందికి దించి, బానెట్ మీద రెండు చేతులూ వేసి అదుముతాడు. రబ్బరు మెలిపడి ఉంటే కిర్రు మంటుంది. అప్పుడు బోల్టు వదులు చేసి, బరువంతా చక్రాల మీద ఉండగా మళ్లీ బిగిస్తాడు. గాల్లో బిగిస్తే జిందగీ అంత మెలితోనే బతుకుతది ఆపా, బరువు మీద పడ్డంక బిగించాలె అని ఒకసారి చెప్పాడు. ఆ మాట నా తస్బీలో ఒక పూసలా ఉండిపోయింది.

ఇవాళ దించాడు. అదిమాడు. చేతులు తుడుచుకున్నాడు. మళ్లీ బిగించలేదు. మెట్రో పోతోంది, రబ్బరు ఏమందో నాకూ తెలియలేదు.

నవంబర్ 8, శుక్రవారం

జుమా నమాజు తర్వాత హనుమత్ప్రసాద్ గారు వచ్చారు. జహూర్ బానెట్ అదిమి, చూసిన్రా సార్, సప్పుడు బంద్ అన్నాడు.

కిర్రు మంది.

మళ్లీ అదిమాడు. మళ్లీ కిర్రు మంది. పాత తలుపు మూలిగినట్టు. వాడి ముఖంలో నవ్వు చెదరలేదు.

ఆయన బండిని చూడటం మానేసి జహూర్‌ని చూశారు. తర్వాత తల ఎత్తి నన్ను చూశారు. బాల్కనీలో బట్టలు ఆరేస్తున్నాను, నా చేతిలో తడి దుపట్టా. ఆయన విన్నారు. నేను విన్నాను.

టీ కోసం జహూర్ సందు చివరికి పోయాడు. ఆయన మెట్ల దగ్గరికి వచ్చారు. టక్ పోయిందమ్మా, కిర్ వచ్చింది, అది పెద్ద విషయం కాదు, కానీ మీ తమ్ముడుగారికి వినబడట్లేదమ్మా, మా ఫీల్డ్‌లో ఇది చాలామందికి వచ్చింది అన్నారు. ఆదివారం సాయంత్రం వచ్చి బండి తీసుకెళ్తాను, ఈలోపు నేను ఎవరితోనూ ఏమీ అనను అన్నారు.

మంచి మనిషి. కానీ చప్పుడుతో ఈ బండి సందు దాటితే, వాడి పేరు అదే దారిలో పోతుంది.

నవంబర్ 9, శనివారం

వినడు అనుకున్నాం. వినబడదు.

అదే రోజు, సాయంత్రం అసర్ నమాజు తర్వాత

ఇన్నాళ్లూ మనసు కోసం అడిగాను. చెవి కోసం అడగాల్సింది. తప్పు అడ్రస్‌కు పంపిన దువాలు. ఎక్కడికి చేరాయో. బహుశా మెత్తటి మనసున్న ఇంకో జహూర్ ఎక్కడో ఇంకా మెత్తబడుతున్నాడు.

సాయిమాకు చెప్పాను. ఉల్లిపాయ కోస్తున్నది ఆగిపోయింది. నా మీద అలిగిండనుకున్న ఆపా, నేను సుత మాట్లాడుడు తగ్గించిన అంది. కళ్లు తుడుచుకుని, ఉల్లిగడ్డ అంది.

నవంబర్ 10, ఆదివారం, ఉదయం

ఫజర్ వేళకు వాడి గదికి వెళ్లి భుజం తట్టాను. లేచాడు. అంతే. భుజం తడితే లేస్తాడు.

వాడు మసీదు నుంచి వచ్చాక, నన్ను ఆ పసుపు బండిలో తిప్పమన్నాను. క్యా ఆపా, గీ వయసుల షోకులా అన్నాడు. తాళం తీశాడు.

సజ్దాలో నుదురు ఆనించినప్పుడు నేల ఎంత దగ్గరగా ఉంటుందో ఆ బండిలో రోడ్డు అంత దగ్గరగా ఉంది. అమీర్‌పేట ఇంకా నిద్రలో ఉంది. కోచింగ్ సెంటర్ల బోర్డులు మంచులో తేలుతున్నాయి, జావా, పైథాన్, డేటా సైన్స్, ఎవరూ లేని క్లాసులు. మెట్రో స్తంభాలు ఒకటొకటిగా వెనక్కి జారుతుంటే, నేను కాదు, ఎవరో నా తస్బీ తిప్పుతున్నట్టు ఉంది. ఎటు పోతున్నామో కాసేపు మరిచిపోయాను. వాడికి నడక నేర్పిన రోజుల్లో కూడా నా చేయి ఇలాగే వాడి మణికట్టు మీద ఉండేది.

పంజాగుట్ట ఫ్లైఓవర్ ఎక్కాం. ఫ్లైఓవర్ అతుకు దగ్గర కిర్రు మంది. మణికట్టు నొక్కాను. భయమైతుందా అని స్పీడు తగ్గించాడు. ఇంకో అతుకు. మళ్లీ నొక్కాను. ఇంకోటి. కిర్రు మన్న ప్రతిసారీ నొక్కాను. ఫ్లైఓవర్ దిగేసరికి వాడికి అర్థమైంది.

పక్కకు ఆపాడు. ఎన్నటి సంది తెల్సు అని అడిగాడు. మొన్నటి నుంచి అన్నాను, నా పెదవులు కనబడేలా.

స్టీరింగ్‌కు చెప్పుకున్నట్టు చెప్పాడు. ఎండాకాలం సంది ఆపా, ముందుగాల పిట్టలు పోయినయి, హైదరాబాద్‌ల పిట్టలే తక్కువ గద అని ఫికర్ చెయ్యలే, తర్వాత సాయిమా గొంతు పోయింది, జర ఆరామే అనిపించింది. నవ్వాడు. నవ్వు సగంలో ఆగింది. తర్వాత అజాన్ పోయిందని మాత్రం చెప్పలేకపోయాడు. నాకు తెలుసు.

డాక్టర్ దగ్గరికి పోదాం అన్నాను. నక్కో, వద్దు, చెవుల మిషన్ పెట్టుకున్న చెవి జహూర్ దగ్గరికి ఎవలొస్తరు, గీ బండి గిట్లనే పోతే షట్టర్ దించేస్త అన్నాడు.

ముందు బండి సంగతి చూద్దాం అన్నాను.

గ్యారేజీలో, కింద నిలబడి పని చేసే గుంత మీద బండిని నిలిపాడు. బరువంతా చక్రాల మీదే. కిందికి దిగి బోల్టు వదులు చేశాడు. నన్ను బానెట్ అదమమన్నాడు. బిస్మిల్లా అని అదిమాను. కిర్రు మంది. వాడి అరచేయి ఆర్మ్ మీద ఉంది. మళ్లీ అదిమాను. రబ్బరు తన చోటు వెతుక్కుంటున్నట్టు చప్పుడు సన్నబడుతోంది. పోయింది అని చెప్పడానికి నేను వంగేలోపే, ఆగు ఆపా, కూసున్నది అన్నాడు. బిగించాడు.

అదే రోజు, సాయంత్రం

హనుమత్ప్రసాద్ గారు అదిమారు. నిశ్శబ్దం. బండిలో ఒక చుట్టు తిరిగి వచ్చి, అద్భుతమండీ అన్నారు.

అక్కడితో అయిపోవచ్చు. కానీ జహూర్ కదల్లేదు. సార్, నాకు వినబడ్తలేదు, మా ఆపా విన్నది, నేను చేతితోని పట్టిన అన్నాడు. ఓనరు ముందు, సాయిమా ముందు, సందంతా వినేంత గట్టిగా. తన గొంతు ఎంత గట్టిగా ఉందో వాడికి తెలియదు కదా.

హనుమత్ప్రసాద్ గారు తన చెవి వెనక్కి వేలు పెట్టి, చిన్న మిషన్ బయటికి లాగారు. అయితే మీరు మొన్న విన్నది అని నేను మొదలుపెట్టాను. దీంతోనేనమ్మా, ఇది పెట్టుకునే చివరి సినిమా కూడా చేశాను అన్నారు. మాసబ్ ట్యాంక్ దగ్గర డాక్టర్ నంబర్ ఇచ్చారు.

జహూర్ ఆ మిషన్‌ను రెండు వేళ్ల మధ్య పట్టుకుని, పార్టు చూసినట్టు చాలాసేపు తిప్పి చూశాడు.

నవంబర్ 12, మంగళవారం

మాసబ్ ట్యాంక్ వెళ్లి వచ్చాం. మిషన్ వచ్చే వారం ఇస్తారు. సాయిమా అప్పటికి చెప్పాల్సినవి దాచిపెడుతోందట. జహూర్ నా వైపు చూసి, వద్దని చెప్పు ఆపా అన్నాడు.

నవంబర్ 15, శుక్రవారం, తెల్లవారకముందు

భుజం తట్టడానికి వెళ్లాను. లేచే కూర్చున్నాడు. అరచేయి మసీదు వైపు గోడకు ఆనించి ఉంది.

మొదలైతుంది ఆపా అన్నాడు.

నాకు ఇంకా ఏమీ వినబడలేదు.