పాప తడబడితే తడబడనివ్వండి

అత్తయ్యా,

పోయినేడు జూన్ తొమ్మిదిన పాలూ రొట్టే తిని పాప బడికి వెళ్ళింది. తనకి ప్రత్యేక టీచరు కావాలో వద్దో తేల్చే పరీక్ష ఆ రోజు. వాచకం తెరిచిస్తే గడగడా చదివేసింది. చదవలేదు, అప్పజెప్పింది. మీరు వారం రోజులు కూర్చోబెట్టి పుస్తకమంతా బట్టీ పట్టించారు. జ్ఞాపకశక్తిలో మీ మనవరాలే! "ఈమెకు సాయం అక్కర్లేదు" అని బడివాళ్ళు రాసిచ్చేశారు. ఏడాదైంది, ఇప్పటికీ తన పేరు చదవడం రాదు.

ఇవాళ పదింటికి మళ్ళీ పరీక్ష. నాకు సెలవివ్వలేదు, మీరే తీసుకెళ్ళాలి. బడిలో చూపాల్సిన ఫైలు బల్లమీద ఉంది. దారిలో ఏమీ నేర్పకండి, పక్కనుంచి అందించకండి. "మా పిల్లకేం తక్కువ?" అన్నారంటే ఈసారీ సాయం చేజారుతుంది. ఎలా చెబితే దానికి చదువు వస్తుందో తెలుసుకోవడానికే వాళ్ళు అడుగుతారు.

తల్లిలేని పిల్లని ఎవరూ వేలెత్తి చూపకూడదనే మీరలా చేశారు. నాకు తెలుసు.

మీ అల్లుడు

రాత్రి పాప పరీక్షంటే భయమని ఏడ్చింది. "రాకపోతే రాదని చెప్పెయ్యవే తల్లీ" అన్నారు మీరు. అది నిద్రపోయాక చప్పుడు కాకుండా తలుపు చేరవేశారు. నేను మెలకువగానే ఉన్నాను, విన్నాను.