కురచైన తాడు

శుక్రవారం, రాత్రి. ఎమ్మిగనూరు.

ఫిజికల్ ఎడ్యుకేషన్ ప్రాక్టికల్‌కు ఇంకా నాలుగు రోజులే. కబడ్డీ కోర్టు ఎవరికి వాళ్లే గీయాలి. ఈరోజు నేను గీసింది చూసి సారు, "ఇదేం కోర్టమ్మా, వంకర మంచం మాదిరి ఉండాది" అన్నాడు. అందరూ నవ్వారు. మీటరుకొక ముడి వేసిన నూలు తాడుతోనే అన్నీ కొలిచాను. మొదటి గీత సరిగ్గా వచ్చింది. ఎదుటి గీత జానెడు తగ్గింది. దుమ్ము లేవకుండా నేలంతా నీళ్లు చల్లి, తాడును ఆ తడి మీదే ఈడ్చుకుంటూ కొలిచాను. తప్పెక్కడ జరిగింది?

ఇంటికొచ్చి చెబితే నాయన మగ్గం ఆపి తాడు పట్టి చూశాడు.

"నూలు తాడు తడిస్తే కురచైతాది. మగ్గమున్న ఇంట్లో పుట్టి ఇది తెలీదా? బాగా నానబెట్టి, రాయి కట్టి యాలాడదీయాల. ఆరినాకనే కొలిసి ముళ్లెయ్యి."

సిగ్గేసింది. ఆటలు కూడా ఒక సదువేనా అని మొన్నటిదాకా తిట్టిన మనిషే, తాడును దూలానికి తనే కట్టాడు. కట్టి, "గీసేటప్పుడు ఇంకో కొస పట్టుకునేకి నేను రావాల్నా?" అని అడిగాడు.

పరీక్షలో ఒక్కదాన్నే గీయాలి. అందుకే ఆదివారం ఎన్నిసార్లు చెరపాల్సి వచ్చినా సరే, రెండు గీతలూ సమానంగా వచ్చేదాకా గ్రౌండు వదలను.

రమ్మన్నాను. పరీక్షలో కాకపోయినా, ఆదివారం ఇంకో కొస నాయన పట్టుకుంటాడు.