వెయిటింగ్ రూములో కూర్చున్నావిడ ఎవరికి చెందాలి

బ్యాంకులో సంతకాలు సరిచూసే బల్ల దగ్గర ఉద్యోగమంతా గడిపి రిటైరైన నేను, మతి స్థిమితంగా ఉండి, ఎవరి బలవంతమూ ఎవరి బుజ్జగింపూ లేకుండా, స్వహస్తంతో రాసుకున్న వీలునామా ఇది. బుజ్జగింపు అని ప్రత్యేకించి ఎందుకు రాశానంటే, ఆమధ్య మా ఇంట్లో అది ఎక్కువైంది. అప్పుడే ఒకసారి మా అబ్బాయి నా మోకాళ్ల నొప్పుల గురించి అడిగాడు. వాడు అడగడం అదే మొదలు.

1. దీన్ని అమలు జరిపే బాధ్యత మా వీధి చివరి ప్లీడరు గారిది. ఆయన మంచివాడని అందరూ అంటారు. అందరూ అంటున్నారంటే కొంచెం ఆలోచించాల్సిందే. అందుకని ఒక నకలు ఎదురింటి పళ్ల డాక్టరు దగ్గర కూడా ఉంచాను.

2. ఇల్లూ, బ్యాంకులో ఉన్నదీ మా అబ్బాయికీ అమ్మాయికీ చెరిసగం. ఇందులో పేచీ లేదు.

3. సినిమా డిస్కులు, ప్రొజెక్టరు, తెర మా అమ్మాయికి. చిన్నప్పుడు హాల్లో నా పక్కన కూర్చుని, ఏడుపు సీను రాగానే తెర వదిలేసి నా ముఖం చూసేది. "నాన్న ఏడుస్తున్నాడోచ్!" అని నాలుగు వరుసలకు వినపడేలా అరిచేది. అది జలుబని అప్పుడూ చెప్పాను, ఇప్పుడూ రాస్తున్నాను.

4. డిటెక్టివ్ నవలలన్నీ మా తమ్ముడికి. కుర్రతనంలో ఇద్దరం ఒక సినిమాకు టిక్కెట్ల క్యూలో నిలబడి ఉండగా, ముందురోజే చూసొచ్చిన ఆ మహానుభావుడు, "అన్నయ్యా, చంపింది డాక్టరే" అన్నాడు. సినిమా అయ్యేదాకా ఆ డాక్టరునే చూస్తూ కూర్చున్నాను. తమ్ముణ్ణి ఎప్పుడో క్షమించాను. నవలల్లో చివరి పేజీలు మాత్రం చింపేశాను. వాటి కోసం ఇల్లంతా వెతకనక్కర్లేదు, పొయ్యిలో వేశాను.

5. అల్లుడు గారు నా దగ్గర అరువు తీసుకున్న, నేనింకా చదవని లావుపాటి నవలను "అద్భుతం మావయ్యగారూ, ఏకబిగిన చదివేశాను" అంటూ తిరిగిచ్చారు. ప్రెస్సువాళ్లు అంచులు కోయకుండా వదిలేసిన నడిమి పేజీలు ఇప్పటికీ అతుక్కునే ఉన్నాయి. ఆ పుస్తకం ఆయనకే, కాగితాలు కోసే చాకుతో సహా. మిగతా పుస్తకాలు మా వీధి లైబ్రరీకి.

6. ఇక హాల్లో గోడమీది బొమ్మ. రైల్వే వెయిటింగ్ రూము, బల్లమీద ఒకావిడ, ఒళ్లో పెట్టె. కిందటేడు వేలంపాటల కంపెనీ మనిషి వచ్చి, మూలనున్న చిత్రకారుడి సంతకం చూసి, చాలా ఖరీదు చేస్తుందని నోరెళ్లబెట్టాడు. ఆనాటినుంచి మా ఇంటికి రాకపోకలు పెరిగాయి. వచ్చినవాళ్లు నా ఆరోగ్యం అడిగి, ఆనక ఓరకంట బొమ్మవైపు చూసేవాళ్లు. మందుల షాపు కౌంటర్లో పనిచేసే మా మేనకోడలు మాత్రం డ్యూటీ దిగి వస్తూనే నేరుగా బొమ్మ ముందు నిలబడేది. అందరికంటే దాన్నే ఎక్కువ అనుమానించాను.

ఒక ఆదివారం అందరూ భోజనాల దగ్గరుండగా, "ఆ సంతకం దొంగది, నేను సరిచూశాను" అన్నాను. నా మాట కాదనే ధైర్యం ఎవరికుంది? మా అబ్బాయి మళ్లీ నా మోకాళ్ల ఊసెత్తలేదు. ఆ చోట కేలండరు బాగుంటుందని అమ్మాయి అంది. మేనకోడలు ఎప్పటిలాగే వచ్చింది. ఇది నా మాట నమ్మలేదన్నమాట, గట్టి పిండమే అనుకుని, వాలుకుర్చీలో నిద్ర నటించాను. అది బొమ్మ దగ్గరకెళ్లి, చెప్పులు చేత్తో పట్టుకుని, మెల్లగా అడిగింది: "ఏమ్మా, నీ బండి ఇంకా రాలేదా?"

ఆ బొమ్మ కొన్ననాటినుంచి రోజూ కాఫీ తాగుతూ నేనూ ఆవిడను అదే అడుగుతున్నాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే, పైన రాసిన మతి స్థిమితం మీద మాటొస్తుంది. ఆ సాయంత్రం నాకు సిగ్గేసింది. అంతకుమించి సంతోషమేసింది. కళ్లు తెరవకుండానే పడుకున్నాను.

బొమ్మ మా మేనకోడలికి. దానిమీద మరెవరికీ ఎలాంటి హక్కూ లేదు. ఆ సంతకం అసలైనదే. చదివి వినిపించేటప్పుడు ప్లీడరు గారు ఇక్కడ కాస్త ఆగాలి. మావాళ్ల ముఖాలు చూసే భాగ్యం ఆయనకైనా దక్కాలి. మేనకోడలికి అవసరం పడితే బొమ్మను నిరభ్యంతరంగా అమ్ముకోవచ్చు. కొన్నవాళ్లకు మాత్రం, ఆవిడ బండికోసం చూస్తోందని, రోజుకొకసారైనా పలకరించాలని చెప్పి ఇవ్వాలి.

తేదీ: ఫిబ్రవరి పదకొండు.

సంతకం: (పాత చెక్కులతో పోల్చి చూసుకోవచ్చు)

సాక్షులు:
ఎదురింటి పళ్ల డాక్టరు
ఫ్రేములు కట్టే షాపాయన