ఏటవతలి పునాదిగొయ్యి

అన్నయ్యా,

మన ద్రాక్షతోట మట్టి గుప్పెడు పంపమన్నాను కదా, ఇక తొందరేమీ లేదు.

మా అరెలాతె ఊరు రోన్ నది అవతలి ఒడ్డుకీ పాకింది. కొత్త పేటకు పునాదిగొయ్యి తవ్వారు. ఆచారం నీకు తెలిసిందే, కాపురానికి వచ్చేవాళ్లంతా పుట్టినూరి మట్టి తెచ్చి అందులో వేయాలి. మేం వలసొచ్చి ఈ ఒడ్డున గొయ్యి తవ్విన రోజు, అమ్మ మూటకట్టిచ్చిన మట్టంతా వేసేసి ఎంత ఏడ్చానో!

ఇప్పుడు అవతల కాపురం పెట్టేది నా కూతురు వెటియా. నీ మట్టి వచ్చేదాకా ఆగవే అన్నాను.

"మనూరి మట్టా? నువ్వింకా ఏ ఊళ్లో ఉన్నావే అమ్మా!" అని నవ్వి, మా గుమ్మం ముందు బురద దోసిట నింపుకుని పడవెక్కింది.

కోప్పడలేకపోయాను. అది పుట్టింది ఆ గుమ్మం లోపలేగా.

నువ్వు మాత్రం మట్టి పంపు అన్నయ్యా. ఏ గొయ్యిలోనూ వేయను.

నీ చెల్లెలు