కప్ప ఎంతసేపైనా ఆగుతుంది

అక్కకి,

నేను ఇక్కడ కులాసా. నువ్వూ బావా చిన్నదీ కూడా కులాసాగానే ఉన్నారని నీ ఉత్తరం విప్పగానే తెలిసిపోయింది. ఒంట్లో ఓపిక లేనివాళ్ళు అన్ని తిట్లు, అదీ అంత గుండ్రటి అక్షరాలతో రాయలేరు. అమ్మ పక్కన కూర్చుని కొన్ని అందించిందని కూడా గ్రహించాను. "ముదనష్టపు ఆటలు" అన్న మాట నీది కాదు, అచ్చంగా అమ్మదే.

తిట్లకేం నొచ్చుకోలేదు గాని, ఒక్క మాట ముల్లులా దిగింది. "నీకు నిలకడ లేదు. ఏ పనీ చివరిదాకా చెయ్యవు. ఇదీ అంతే అవుతుంది, ఒకటో తారీఖుకల్లా వచ్చి మా బీమా ఆఫీసులో చేరు" అన్నావు. ఒకచోట వాలదని చిన్నప్పుడు మీరంతా నాకు తూనీగ అని పేరు పెట్టారు. ముద్దుకే పెట్టారు, పిలిస్తే నేనూ పలికాను. డిగ్రీ చేతికొచ్చాక ఆ ముద్దు పేరే తీర్పయి కూర్చుంది. ట్యూషన్ సెంటర్ మానేస్తే తూనీగ. పత్రికాఫీసు మానేస్తే తూనీగ. ఎందుకు మానేశావని ఒక్కరైనా అడిగారా? ట్యూషన్ సెంటర్లో రెండో ఏడు కూడా అవే లెక్కలు, అదే వరసలో, అవే జోకులతో చెప్పాలి. నేను నేర్చుకోవలసింది మొదటి ఏడే అయిపోయింది. కంచం ఖాళీ అయ్యాక లేచినదాన్ని పట్టుకుని తింటూ తింటూ లేచిపోయిందంటే ఎలా అక్కా?

ఇదంతా ఫోన్లో చెప్పొచ్చుగా అంటావు. నువ్వు చెప్పనిస్తే కదా! నేను "అక్కా, అదీ..." అనేలోపు "నాకు తెలుసులే" అంటావు. నీకు తెలీదు. ఒకసారి డాక్టరు నా వైపు తిరిగి "ఎక్కడమ్మా నొప్పి?" అంటే నువ్వు "కడుపులో అండీ" అన్నావు, గుర్తుందా? నాకు నొప్పి చెవిలో. వారం పాటు కడుపు మందు తాగాను. చెవిపోటు తగ్గలేదు గాని ఆకలి మాత్రం దంచేసింది. కాగితం మీదైతే నువ్వు మధ్యలో అందుకోలేవు. అందుకే ఇంత ఉత్తరం.

ఇక నీ ప్రశ్నలు. దగ్గు తగ్గింది. వేళకే తింటున్నాను, కాకపోతే ఆ వేళలు నీ వేళలు కావు. గదిలో నాతో ఉండే నర్సమ్మాయి మంచిదే, నిద్రలో కూడా ఎవరినో "సూది పొడుస్తున్నా, కదలకండి" అని హెచ్చరిస్తుంటుంది. ఆఫీసు ఒక కళ్ళజోళ్ళ షాపు పైన రెండు గదులు. షాపువాళ్ళ బోర్డు మీది పెద్ద కళ్ళజోడు సరిగ్గా మా కిటికీకి అడ్డంగా వేలాడుతుంది. వీధిలో ఏం జరిగినా మేము ఆ రెండు గుండ్రాల్లోంచే చూడాలి.

"మా చెల్లెలు ఏం చేస్తుందో ఒక్క ముక్కలో చెప్పు, ఆఫీసులో అడుగుతున్నారు" అన్నావు. దెబ్బలాటలకు లెక్కలు కడుతుందని చెప్పు. బొమ్మలు వేసేది నేను కాదు, దానికి వేరే ఆమె ఉంది. మేం తయారుచేస్తున్న కంప్యూటర్ ఆట జపాన్ వాళ్ళ పద్ధతిలోది. దేశంలో నదులన్నీ ఒక పొద్దున కదలకుండా నిలిచిపోతాయి. ఎందుకు నిలిచాయో కనుక్కోవడానికి పడవ నడిపే పిల్ల, ఎముకలు కట్టే వైద్యుడు, రిటైరైన సైనికుడు, ఒక దొంగ కలిసి బయలుదేరతారు. దారిలో ఏదో ఒక జంతువో భూతమో అడ్డం వస్తుంది. అప్పుడు తెర కింద నాలుగు మాటలు కనిపిస్తాయి: కొట్టు, కాచుకో, మందు, పారిపో. ముందు మన వంతు, తర్వాత దాని వంతు. ఎవరి దెబ్బకి ఎంత బలం, ఎవరు ముందు, కాచుకుంటే ఎంత కలిసొస్తుంది, ఇవన్నీ నా పని. వైద్యుడి మందుకి ఒక్క అంకె ఎక్కువ పెట్టానంటే చాలు, ఇక ఆటలో ఎవరికీ చావు భయం ఉండదు. భయం లేకపోతే ఎవడూ ఆలోచించడు.

ఒక రహస్యం బయటపెడుతున్నాను, బావని ఏమీ అనకు. నేను పంపిన మా ఆటని ఆయన నీకు తెలియకుండా ఆడుతున్నాడు. మొన్న ఫోన్ చేసి, గొంతు తగ్గించి, "మరదలా, ఎవరింట్లోకైనా వెళ్ళిపోయి పెట్టెలు తెరిచి తీసేసుకుంటున్నాను, ఆ ఇంటావిడ ఎదురుగా నిలబడి వాతావరణం బాగుందంటోంది. ఇదేం ఊరు?" అన్నాడు. నవ్వి నవ్వి నా కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఆ ఊళ్ళు అంతే బావా అన్నాను. కానీ తర్వాత ఆలోచిస్తే ఆయన అడిగింది న్యాయమే. అందుకే మార్పించాను, ఇప్పుడు ఆ ఇంటావిడ "అది మా ఆయన కోటు, బాబూ" అంటుంది. తీసుకోవాలా వద్దా అన్నది ఇక బావ ఇష్టం.

ఇప్పుడు అసలు వార్త. పోయిన నెల పెద్ద హాల్లో ఆటల ప్రదర్శన జరిగింది. మేమూ ఒక బల్ల, రెండు తెరలు పెట్టుకున్నాం. ఆట మొదట్లోనే ఒక బురద కప్ప ఎదురవుతుంది. అది అన్నిటికంటే బలహీనమైనది, ఆడేవాళ్ళకి చెయ్యి తిరగడానికి పెట్టింది. మరి ఏమైందో తెలుసా? వచ్చినవాళ్ళు వచ్చినట్టు ఆ కప్ప చేతిలో చచ్చారు. ఒక కాలేజీ కుర్రాడు ఓడిపోతే వాడి స్నేహితుడు "ఒరేయ్, ఇంట్లో చెప్పకురా, కప్ప చంపిందంటే పరువు పోతుంది" అన్నాడు. మధ్యాహ్నానికి మా బల్ల ముందు ఈగలు కూడా లేవు.

తప్పు నాదే. ఆఫీసులో మేమంతా ఆ కప్పని ఎన్ని వందల సార్లు కొట్టామో లెక్కలేదు. ఎప్పటికప్పుడు ఎవరో ఒకరు "కప్ప మరీ మెత్తగా ఉంది" అనడం, నేను దాని బలం కాస్త పెంచడం. మళ్ళీ మేము ఆరితేరడం, మళ్ళీ పెంచడం. అలా మా కళ్ళ ముందే ఏనుగంత అయింది. మాకు మాత్రం అది కప్పలాగే కనిపించింది.

మా జట్టుకి పెద్దని పెద్దాయన అంటాం, నిజానికి బావ ఈడువాడే. పాత జపాన్ ఆటలు ఆడాలని ఆ భాష నేర్చుకున్న మనిషి. ఆయన ముఖం వేలాడేసుకుని "బలం సగానికి దించేద్దాం" అన్నాడు. సరిగ్గా అప్పుడొచ్చింది ఒకావిడ. రెండు చేతుల్లో సంచులు, కాళ్ళకి కొత్త చెప్పులు.

"కుర్చీ ఖాళీగా ఉందని కూర్చుంటున్నానమ్మా, ఆట కోసం కాదు. మా పిల్లలు అటెటో పోయారు" అంది.

కూర్చున్నాక ఊరికే ఉండలేక మీట నొక్కింది. కప్ప వచ్చింది. ఆవిడ దాన్ని చూస్తోంది, అది ఆవిడని చూస్తోంది.

"ఏంటిది, కొట్టదేం?"

"మీరేం చేస్తారో చెప్పేదాకా ఆగుతుందండీ."

"ఎంతసేపు?"

"ఎంతసేపైనా."

"మర్యాద తెలిసిన కప్పే!" అని, సంచిలోంచి సీసా తీసి నీళ్ళు తాగింది. చెప్పులు విప్పింది. "మా ఇంట్లో ఏం వండుతావని నన్నే అడిగి, నేను ఆలోచించేలోపు వాళ్ళే చెప్పేస్తారు, వాళ్ళకంటే ఇది నయం" అంది. తర్వాత ఓడిపోయింది. "ఆగు, దీని సంగతి చూస్తా" అని మళ్ళీ ఆడింది, మళ్ళీ ఓడిపోయింది. కానీ చచ్చిన ప్రతిసారీ ముందుకి వంగి చూస్తోంది. "అమ్మాయ్, ఎగిరే ముందు దీని గొంతు ఉబ్బుతోంది కదూ?" అంది. అక్కా, ఆ గొంతు ఉబ్బడం నేనే అడిగి వేయించుకున్నాను, ఎప్పుడో మొదట్లో. మేము దాన్ని ఎగరనిచ్చేవాళ్ళమే కాదు కాబట్టి ఆ బొమ్మ ఉందనే మరిచిపోయాను. గొంతు ఉబ్బగానే ఆవిడ కాచుకో నొక్కింది. కప్ప ఎగిరి, తప్పి, బురదలో వెల్లకిలా పడింది. ఆవిడ అరిచిన అరుపుకి పక్క బల్లవాళ్ళు లేచి నిలబడ్డారు. వాళ్ళ పిల్లలు పరుగెత్తుకొచ్చి "ఏమైందమ్మా?" అంటే, "కప్పని కొట్టానురా!" అంది, చెప్పులు లేకుండా నిలబడి.

ఆ వారమే ఆటని అమ్మిపెట్టే కంపెనీ నుంచి ఒకాయన వచ్చాడు. "ఈ రోజుల్లో ఎవరికండీ ఓపిక? ఒక్కో వంతుకి గడియారం పెట్టండి. టైమ్ దాటితే కప్ప కొట్టేయాలి" అన్నాడు. పెద్దాయన గడ్డం గోక్కుంటున్నాడు, అంటే సగం ఒప్పుకున్నాడన్నమాట.

"గడియారం పెడితే ఆవిడ మొదటిసారే లేచి వెళ్ళిపోయేదండీ" అన్నాను.

"ఏ ఆవిడ?"

చెప్పాను. చెప్పులతో సహా మొత్తం చెప్పాను. కంపెనీ ఆయన నవ్వాడు గాని, చివరికి ఒక మాట ఇచ్చాడు. మాలో ఎవరూ నోరెత్తకుండా కొత్తవాళ్ళు తమంతట తాము చూసి గెలిచేలా దెబ్బలాటలన్నీ మార్చి వచ్చే వేసవికి చూపిస్తే, గడియారం ఊసెత్తడు. లేదంటే గడియారమే. అంటే లెక్కలన్నీ మొదటినుంచీ మళ్ళీ కట్టాలి. ఆయన వెళ్ళాక అందరూ నా వైపే చూశారు. కోడ్ రాసే అతన్ని మౌని అంటాం, రోజుకి నాలుగు మాటలకి మించి ఆడడు. నీ ఆఫీసు సంగతి వాళ్ళకీ తెలుసు. "మధ్యలో వెళ్ళిపోవు కదా?" అన్నాడు. నీ అనుమానమే అదీ. కాకపోతే అడిగి ఊరుకున్నాడు, నేనేమంటానో వినడానికి. వెళ్ళనన్నాను.

అప్పటినుంచి పని ఎలా సాగుతోందనుకున్నావు! కింద షాపులో కళ్ళజోడు తయారయ్యేదాకా ఎదురుచూసేవాళ్ళని బతిమాలి పైకి తెస్తాను, టీ ఇచ్చి ఆడిస్తాను. నేను వెనక స్టూలు మీద నోరు మూసుకుని కూర్చోవాలి. అదే అన్నిటికంటే కష్టం అక్కా. వైద్యుడు చావబోతుంటాడు, సంచిలో మందు ఉంటుంది, వాళ్ళకది కనబడదు. "మందు నొక్కండి, మందు!" అని నాలుక చివరిదాకా వస్తుంది. నిన్న ఒక ముసలాయన విషయంలో ఆగలేక చెప్పేశాను కూడా. ఆయన నొక్కి, గెలిచి, "అయితే నువ్వే ఆడుకో తల్లీ" అని లేచిపోయాడు. అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. డాక్టరు దగ్గర "కడుపులో" అన్నావు చూడు, అది పెత్తనం కాదని, నాకు నొప్పి తొందరగా తగ్గాలన్న ఆత్రమని నిన్ననే అర్థమైంది. అర్థమైనంత మాత్రాన చెవిపోటు కడుపునొప్పి అయిపోదు, అది వేరే సంగతి.

"ఎప్పటికి అయిపోతుంది?" అన్నావు. తెలీదు. వేసవికి దెబ్బలాటలు ఒక కొలిక్కి రావాలి, ఆట పూర్తవడానికి ఆపైన ఇంకో ఏడైనా పడుతుంది. చూసినవాళ్ళకి దారి దొరికేలా, చూడనివాళ్ళకి దొరకకుండా అంకెలు పేర్చడం ఎంత బాగుంటుందో నీకెలా చెప్పను! ఒకటి కుదిరిందనుకునేసరికి పక్కది చెడుతుంది. పొద్దున్నే మెట్లు ఎక్కుతుంటే తొందరగా పైకెళ్ళాలనిపిస్తుంది. ఇంతకుముందు ఏ మెట్లెక్కినా అలా అనిపించలేదు.

ఇంతసేపూ రాయకుండా అట్టిపెట్టిన మాట ఒకటి ఉంది. నిన్న మీ బీమా ఆఫీసు మేడమ్‌కి నేనే ఫోన్ చేశాను.

"మీ అక్క నువ్వు ఒప్పుకున్నావని చెప్పిందే?" అంది ఆవిడ.

"ఒప్పుకుంటానని నమ్మి చెప్పిందండీ. నన్నెవరూ అడగలేదు" అన్నాను.

"ఆ కుర్చీకి ఇంకో అమ్మాయి కూడా ఉందిలే. ఇప్పుడే చెప్పావు, నయం" అంది. నీ మీద కోపంగా ఉన్నట్టు లేదు. రేపు నిన్ను పిలిచి అడిగితే అడగొచ్చు. ఈ ఉత్తరం అందేసరికి అడిగేసి కూడా ఉండొచ్చు. ముందు నీకెందుకు చెప్పలేదంటే, చెప్పి ఉంటే నువ్వు ఆవిడ దగ్గరికెళ్ళి నా తరఫున ఇంకో నెల గడువు అడిగేదానివి. నాకు గడువు అక్కర్లేదు.

నీకు తల కొట్టేసినట్టవుతుందని తెలుసు. తెలిసే చేశాను. అమ్మకి నువ్వు చెప్పకు, ఆదివారం నేనే చెప్తాను. బావకి, చిన్నదానికి నా ముద్దులు, అందులో బావవి చిన్నదానికే ఇచ్చెయ్.

ఆ ఉద్యోగంలో నేను చేరను. ఆట పూర్తయ్యేదాకా ఇక్కడే ఉంటాను.

ఇట్లు,
నీ వెనకే పుట్టిన
చెల్లెలు